ఏడో సెల్లు

మార్చి 3, సోమవారం

కొత్త పుస్తకం మొదలుపెట్టాను. ఎక్స్ఛేంజిలో ఉన్నప్పుడు ప్రతి లాగ్‌బుక్కు మొదటి పేజీలో యంత్రం ఏమిటో, ఎక్కడుందో, బాధ్యత ఎవరిదో రాసేవాళ్ళం. చేతికి ఆ అలవాటు ఇంకా పోలేదు.

యంత్రం బావ కొన్న మోటార్‌హోమ్. పాతదే. రెండు మంచాలు, ఒక పొయ్యి, చిన్న ఫ్రిజ్, కూర్చుంటే మోకాళ్ళు తలుపుకు తగిలే స్నానాలగది. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషికి రిటైరయ్యాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, చివరికి మళ్ళీ స్టీరింగు మీదే పెట్టాడు. బండి వాళ్ళింటి పక్క షెడ్డులో ఉంది, మా ఇంటికి నాలుగు వీధులు. బండి బాధ్యత బావది. బ్యాటరీల బాధ్యత నాది.

మంచం కింద పెట్టెలో నాలుగు బ్యాటరీలు, ఒక్కోటి ఆరు వోల్టులు, రెండేసి కలిపి కడితే పన్నెండు, ఒక్కోదానికి మూడు సెల్సు. సీసం, ఆసిడ్. టెలిఫోన్ ఎక్స్ఛేంజి బ్యాటరీ గదిలో ఇరవై తొమ్మిదేళ్ళు వీటి బంధువులతోనే కాపురం చేశాను. మూత తీయగానే ఆ పుల్లటి వాసన తగిలి ప్రాణం లేచొచ్చింది.

ఇదంతా అక్క కోసం. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాక ఆమె పడుకుంటే ఆక్సిజన్ యంత్రం నడుస్తూ ఉండాలి. కొండ మీద ఊళ్ళో ఆమెతో పాటు నర్సుగా చేసిన స్నేహితురాలు ఉంది. హాస్టల్లో అందరూ ఆమెను గడియారం అనేవారట. ఇద్దరికీ మాటల్లేక ముప్పై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు వెళ్ళి ఒక మాట చెప్పి రావాలంటుంది అక్క. ఏం మాటో చెప్పదు. ఆమె ఇంట్లోనే దిగొచ్చుగా అంటే, మాట్లాడి ముప్పై ఏళ్ళయిన మనిషిని మంచం అడగలేనంది. ఆ ఇంటి కింద మైదానంలో బండి ఆపుకోవచ్చు గానీ కరెంటు లేదు. కాబట్టి తొమ్మిది గంటల పాటు యంత్రాన్ని మోయాల్సింది ఈ నాలుగు బ్యాటరీలే.

కొత్తవి కొనేద్దామా, పాత యజమాని ఇవి బాగానే ఉన్నాయన్నాడు అని బావ అడిగాడు. నాకు నవ్వొచ్చింది. బ్యాటరీ సంగతి యజమాని చెప్పడు, ఆసిడ్ చెబుతుంది. రెండు వారాలు నాకు వదిలెయ్యమన్నాను.

మార్చి 5, బుధవారం

శుభ్రం చేశాను. టెర్మినల్స్ మీద తెల్లగా, ఆకుపచ్చగా పొక్కు కట్టి ఉంది. వేడినీళ్ళలో వంటసోడా కలిపి పోస్తే బుసబుసమని పొంగింది. మా ఆవిడ పారేసిన పళ్ళ బ్రష్షుతో తోమి, తుడిచి, ఆరబెట్టి, వాజిలైన్ రాశాను. ఇప్పుడు పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి.

నాలుగు సెల్సులో నీళ్ళు ఇంకిపోయి పలకలు బయటపడ్డాయి. బావ చెంబుతో కుళాయి నీళ్ళు తెచ్చాడు. ఆ చెంబు పక్కన పెట్టించి, డిస్టిల్డ్ వాటరు పలకలు మునిగేంత వరకే పోశాను. మిగతాది చార్జింగు అయ్యాకే పోయాలి, ముందే నింపితే ఆసిడ్ పొంగి పైకొస్తుంది. అయినా రెండు సెల్సులో కాస్త పొర్లింది. షెడ్డులో వెలుతురు ఏమీ చాలదు. పెద్ద బల్బు పెట్టించమని బావకు చెప్పాను.

మార్చి 6

చార్జింగు. తలుపులు బార్లా తెరిచి ఉంచాలని, దగ్గర్లో నిప్పు వద్దని రెండుసార్లు చెప్పాను. బావ వచ్చి సిగరెట్టు నోట్లో పెట్టుకున్నాడు. బయటికి పంపాను.

మార్చి 8, శనివారం

చార్జరు తీసేశాక ఒక రోజంతా బ్యాటరీలను ముట్టుకోలేదు. తీసిన వెంటనే కొలిస్తే లేని బలం కనిపిస్తుంది. కొత్తగా వచ్చే మెకానిక్కులందరూ అక్కడే మోసపోయేవాళ్ళు. నేను నా మొదటి ఏడాదిలో కూడా మోసపోలేదు.

ఈరోజు హైడ్రోమీటరు పెట్టాను. సెల్లులోంచి కాస్త ఆసిడ్‌ను గాజు గొట్టంలోకి లాగితే లోపల చిన్న కడ్డీ తేలుతుంది. ఆసిడ్ బలం ఎంతో దాని మీద అంకె చెబుతుంది. నిండుగా ఉన్న సెల్లు పన్నెండు వందల అరవై ఐదు చూపించాలి.

పన్నెండు సెల్సూ 1265. ఒకటి నుంచి పన్నెండు దాకా అన్నీ అదే. ఎక్స్ఛేంజిలో కొత్త సెట్టు దింపినప్పుడు కూడా ఇంత సమానంగా చూడలేదు. మల్టీమీటరు 12.8 చూపింది. ఇంకేం కావాలి.

బావకు ఫోను చేసి చెప్పాను. పాత యజమాని దేవుడిలాంటివాడు అన్నాడు.

మార్చి 11

మా ఆవిడ ఈ మధ్య పేపరు పైకి చదువుతోంది. కుట్టుపని నేర్పే బడి మానేశాక ఇంట్లో గొంతు వినిపించే అవకాశం తగ్గింది పాపం, అందుకని విని పెడుతున్నాను. ఈ పేపరువాళ్ళు అక్షరాలు ఎంత చిన్నవి చేశారంటే ఎవరికైనా వినడమే సుఖం.

మార్చి 15, శనివారం

అందరం అక్క ఇంట్లో కూర్చుని ప్రయాణం మాట్లాడుకున్నాం. ఒకసారి ఇంటి దగ్గరే తొమ్మిది గంటలూ యంత్రం నడిపి చూద్దాం అన్నాడు బావ. డ్రైవర్లకు ట్రిప్పుకు ముందు బండి చుట్టూ తిరిగి టైర్లు తన్నే అలవాటు ఉంటుంది. పన్నెండు సెల్సూ ఒకటే అంకె చెబుతుంటే ఇంకా పరీక్ష దేనికన్నాను. తమ్ముడు చెప్పాడంటే చాలు అంది అక్క.

ఆమె ఆ మాట అన్నాక బావ పరీక్ష సంగతి వదిలేశాడు. రేపు సరదాగా చెరువు దాకా వెళ్ళొద్దామనుకున్నాం.

మార్చి 16

చెరువు. తర్వాత రాస్తాను.

మార్చి 17

తప్పు ఇన్వర్టరుది. చవకరకం.

మార్చి 18, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాయాలి. లాగ్‌బుక్కు ఉన్నదే అందుకు.

ఆదివారం ఉదయం తొమ్మిదికి చెరువు గట్టున చెట్టు కింద బండి ఆపాం. అక్క లోపల మంచం మీద ఒరిగి యంత్రం పెట్టుకుంది. బండిలో పడుకోవడం అలవాటు చేసుకోవాలని ఆమే అంది. యంత్రం గంటకు పాతిక ఆంపియర్లు లాగుతుంది. తొమ్మిది గంటలకు రెండు వందల పాతిక. నాలుగు బ్యాటరీలూ కలిపి నాలుగు వందల యాభై, సగం వాడుకోవచ్చు, సగం కంటే కిందికి దించకూడదు. లెక్క అతికినట్టు సరిపోయింది. ఈ లెక్క నేను నిద్రలో కూడా తప్పను.

భోజనాలయ్యాక అక్క నిద్రపోయింది. మేం ముగ్గురం బయట కుర్చీల్లో ఉన్నాం. బావ తన పాత రూట్లో కండక్టరు కథ ఏదో చెబుతున్నాడు. ఒంటిగంటన్నరకు మా ఆవిడ చెయ్యెత్తి, చప్పుడు ఆగిపోయిందంది.

యంత్రం ఆగితే అలారం మొత్తుకోవాలి. దానిలో బ్యాటరీ కూడా చచ్చి ఉంది కాబోలు, మొత్తుకోలేదు. బావ లోపలికి వెళ్ళిన వేగం నేనెప్పుడూ చూడలేదు, డెబ్బై రెండేళ్ళవాడు. అక్క పెదాలు నీలంగా ఉన్నాయి. ఆయన అత్యవసరానికని తెచ్చిన సిలిండరు మాస్కు ఆమె ముఖానికి పెట్టి, తలను ఒళ్ళోకి తీసుకుని, పేరు పెట్టి పిలుస్తూ కూర్చున్నాడు. నేను మంచం కింద పెట్టె తెరిచి తీగలు కదిపాను. ఎందుకు కదిపానో తెలియదు. ఆ సమయంలో తీగలతో పనేముంది.

నాలుగు నిమిషాలకు కళ్ళు తెరిచింది. వచ్చేశామా అని అడిగింది.

తిరుగు ప్రయాణంలో చెట్టు నీడ వల్ల బండి పైన ఉన్న సోలార్ పలకకు ఎండ తగల్లేదన్నాను. రాత్రిపూట కొండ మీద ఎండ ఉంటుందా అన్నాడు బావ. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

నాలుగున్నర గంటలు. తొమ్మిది చేయాల్సింది.

మార్చి 19

ఇన్వర్టరు విప్పి చూశాను. బాగానే ఉంది.

మార్చి 20, గురువారం

మధ్యాహ్నం షెడ్డుకు వెళ్తుంటే మా ఆవిడ తనూ వస్తానంది. ఎప్పుడూ రాదు. చార్జింగు పూర్తయి నిన్నంతా విశ్రాంతిలో ఉన్నాయి, మళ్ళీ కొలవాలి. మొదటి సెల్లులో హైడ్రోమీటరు పెట్టి, చూసి, 1265 అన్నాను. పుస్తకంలో రాయబోయాను.

"ఏమండీ, ఒకసారి ఇటివ్వండి."

ఇచ్చాను. కిటికీ వైపు పట్టుకుని చూసింది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు కనురెప్ప కాస్త దించుతుంది, అలా.

"ఇది పన్నెండు వందల ముప్పై."

గాజు మసక పట్టిందన్నాను. ఇది కొత్త గాజండీ అంది. రెండోది పెట్టాను. పన్నెండు వందల పాతిక. మూడోది, నాలుగోది. ఒక్కోటి ఒక్కో రకం. నేను సెల్లు వెనక సెల్లు పెడుతూ పోయాను, ఆమె చదువుతూ పోయింది. ఏడో సెల్లు దగ్గర ఆగి, రెండుసార్లు చూసి, "పదకొండు వందల యాభై" అంది.

మల్టీమీటరు చూపించాను. 12.8 కదా అన్నాను. "మూడండీ. పన్నెండు పాయింట్ మూడు."

ఆ తర్వాత ఇద్దరం మూతలు బిగించాం. వీధి చివర చెప్పింది, చలికాలం నుంచి చూస్తోందట. టీ కప్పు పక్కన టీ పోసుకోవడం, బస్సు నంబరు పక్కవాళ్ళను అడగడం. పేపరు అందుకే చదువుతోందట.

అడగొచ్చుగా అన్నాను. మీరు చెబుతారని చూశాను అంది.

మార్చి 21, శుక్రవారం

ఇది ఎవరికీ చూపించను కాబట్టి రాస్తున్నాను.

8వ తేదీన నేను అంకె చూడలేదు. గాజులో తెల్లటి పొగ, పొగలో గీతలాంటిది ఏదో. మంచి సెల్లు ఎంత చూపించాలో నాకు తెలుసు. తెలిసింది రాశాను. పన్నెండుసార్లు రాశాను. రాస్తున్నప్పుడు అబద్ధం రాస్తున్నానని అనిపించలేదు, అదే విచిత్రం. చూసినట్టే అనిపించింది.

ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్క తప్పుడు అంకె రాయలేదు. ఈ వాక్యం నిన్నటి వరకు చాలామందికి చెప్పాను.

అక్క పెదాల రంగు మాత్రం స్పష్టంగా కనిపించింది.

మార్చి 22, శనివారం

అక్క దగ్గరికి వెళ్ళాను. బావ మందుల కొట్టుకు వెళ్ళాడు. ఆమె వంటింటి బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నిలబడే చెప్పాను. ఇన్వర్టరు కాదు, నీడ కాదు, నేనని చెప్పాను. కళ్ళు కనబడటం లేదని, కొలవకుండా రాశానని చెప్పాను.

కాయ చేతిలో పట్టుకుని విని, ఒకటే అడిగింది.

"ఎన్ని సెల్సు చూడకుండా రాశావు?"

"పన్నెండూ."

"నేను పద్ధెనిమిది మందివి రాశాను."

కూర్చోమంది. కూర్చున్నాక చెప్పింది. ముప్పై ఒక్క ఏళ్ళ కింద ఆమెది పద్ధెనిమిది మంచాల వార్డు. ఒక సాయంత్రం డ్యూటీలో ఒళ్ళు అలిసి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, ముందురోజు చార్టు చూసి అందరి జ్వరం, నాడి రాసేసిందట. అందులో ఒకామెకు ఆ సాయంత్రమే జ్వరం ఎక్కడం మొదలైంది. తర్వాతి డ్యూటీలో వచ్చిన గడియారం ఆ మనిషి నుదుటి మీద చెయ్యి పెట్టి, చార్టు చూసి, నేరుగా హెడ్ నర్సు దగ్గరికి వెళ్ళింది. పేషెంటు బతికింది. అక్కను రెండు నెలలు ఇంటికి పంపారు.

ఆ రెండు నెలలు నాకు గుర్తున్నాయి. స్నేహితురాలు ఓర్వలేక చాడీలు చెప్పిందని అక్క అంటే, మా ఇంటిల్లిపాదీ నమ్మాం. పెళ్ళి పత్రిక ఇవ్వడానికి వచ్చిన గడియారాన్ని గుమ్మం దగ్గరే నిలబెట్టి పంపింది నేనే.

"అది చేసింది సరైన పని. ఆ మాట దాని ఎదురుగా అనాలి. ఊపిరి ఉండగా అనాలి. ఉత్తరంలో రాస్తే సులువు, అందుకే ఉత్తరంలో రాయను."

బ్యాటరీలకు ఇంకెవరినైనా చూసుకోమన్నాను.

"ఎవరూ వద్దు. ఒకసారి అలా రాసి పట్టుబడ్డవాళ్ళు రెండోసారి రాయరు. నాకు తెలుసు, ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు డ్యూటీ చేశాను."

ఇంతలో బావ వచ్చాడు. ఆయనకూ చెప్పాను. ఆయన కాసేపు మందుల సంచీ విప్పి, కట్టి, విప్పి, చివరికి అన్నాడు, తన బస్సులో బ్రేకు సరిగా లేదని మెకానిక్కు తనంతట తాను చెప్పిన రోజు ఒక్కటీ లేదని. అది నన్ను క్షమించడమో, మెకానిక్కులను తిట్టడమో తెలియలేదు. రేపు ఎన్నింటికి మొదలుపెడదాం అని అడిగాడు.

మార్చి 26

మూడు రోజులు పాత సెట్టుకు ఎక్కువ వోల్టేజీ మీద నిదానంగా చార్జింగు ఇచ్చాం. పలకల మీద గట్టిపడ్డ పొర కరిగితే కొన్ని సెల్సు కోలుకుంటాయి. ఎనిమిది కాస్త లేచాయి. ఏడోది 1165 దగ్గర కూర్చుంది. మిగతా సెల్సన్నీ బుడగలు వేస్తూ ఉడుకుతుంటే అదొక్కటి చప్పుడు లేకుండా ఉంది. వంగి చెవి పెట్టి విన్నాను.

పోయింది అన్నాను. ఆ సెల్లున్న బ్యాటరీ ఒక్కటీ మార్చొచ్చుగా అన్నాడు బావ. ముసలివాటి మధ్య ఒక కొత్తదాన్ని కడితే ఆ బరువంతా దాని మీద పడి అదీ త్వరగా పోతుంది. నాలుగూ మార్చాలని తీర్పు చెప్పాను. ఈ బండి విషయంలో నేను చెప్పిన మొదటి నిజమైన తీర్పు ఇది.

మార్చి 28

కంటి డాక్టరు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. కుడి కంటిది బాగా ముదిరింది. ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చారు అని అడిగాడు. అనుభవంతో అన్నాను. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది.

ఆపరేషను ఏప్రిల్ 22. ప్రయాణం ముందు, కన్ను తర్వాత. ఈలోగా కళ్ళు ఆమెవి, బుర్ర నాది అన్నాను. బుర్ర కూడా సగం నాదే అంది.

ఏప్రిల్ 6, ఆదివారం

కొత్త నాలుగు బ్యాటరీలతో పరీక్ష. ఉదయం ఎనిమిదికి మొదలుపెట్టాం. షెడ్డు బయటే. అక్కను ఇంట్లో ఉంచి, యంత్రాన్ని మాత్రం మంచం మీద పెట్టి నడిపాం. బావ దానికి దుప్పటి కప్పాడు, ఎందుకని ఎవరూ అడగలేదు.

ప్రతి గంటకూ మా ఆవిడ చదివింది, నేను పెద్ద అక్షరాలతో రాశాను. గొట్టంలో ఆసిడ్ గాజు అంచు దగ్గర కాస్త పైకి పాకినట్టు కనిపిస్తుంది, అది చదవకూడదు, నడిమి మట్టం చదవాలి. ఒక్కసారే చెప్పాను. మూడో గంటకల్లా నాకే చెబుతోంది, గొట్టం నిటారుగా పట్టుకోండి, కడ్డీ పక్కకు తగులుతోంది అని. ఎక్స్ఛేంజిలో నాకు ఇలాంటి అసిస్టెంటు ఒక్కరూ దొరకలేదు.

సాయంత్రం అయిదుకు తొమ్మిది గంటలు. యంత్రం ఆగలేదు. గంట విశ్రాంతి ఇచ్చి కొలిస్తే 12.3. మూడా, ఎనిమిదా అని అడిగాను. మూడే అంది. ఇప్పుడు చూపించాల్సింది కూడా అదే. దాదాపు సగం వాడాం, సగం పైన కాస్త మిగిలింది. పన్నెండు సెల్సులో పెద్ద అంకెకూ చిన్న అంకెకూ తేడా పది. ఒకే అంకె కాదు. నిజంగా కొలిస్తే ఎప్పుడూ ఒకే అంకె రాదు, ఈ సంగతి నాకు మొదటి రోజు నుంచే తెలుసు.

యంత్రం అలారంలో కొత్త బ్యాటరీ వేశాను. మొత్తుకుంటుందా అని చూస్తే వీధంతా తలుపులు తెరిచింది.

ఏప్రిల్ 12

బయలుదేరాం. బావ ఈల వేస్తూ నడుపుతున్నాడు. దారిలో కరెంటున్న చోట ఆగాం.

ఏప్రిల్ 14, సోమవారం

నిన్న సాయంత్రం మైదానానికి చేరాం. చుట్టూ గడ్డి, పైన మలుపులో ఇరవై రెండు మెట్ల మీద గడియారం ఇల్లు. ఉదయం ఆరున్నరకు మా ఆవిడ మీటరు చదివింది, 12.3. అక్క దుప్పట్లోంచే ఎంత అని అడిగింది. చెప్పాను. చాలా బాగా పడుకున్నానంది. బావ పడుకోలేదని ఆయన కళ్ళు చెప్పాయి.

పది గంటలకని కబురు పంపాం. పదికి ఆమే దిగి వచ్చింది. సన్నగా, చేతికర్రతో, ఒక్కో మెట్టుకూ ఆగుతూ. నన్ను చూసి పోల్చుకుంది. గుమ్మం సంగతి మరిచిపోయి ఉండదు. నేను తల వంచి, రండి అన్నాను. వచ్చింది.

బండి పక్కన రెండు మడత కుర్చీలు వేశాం. నేను దూరంగా పోబోతే అక్క ఉండమంది. బాగున్నావా అని కూడా అడగకుండా మొదలుపెట్టింది. ఆ సాయంత్రం ఎవరి చెయ్యీ పట్టుకోలేదని, ముప్పై ఒక్క ఏళ్ళు దాన్ని నీ అసూయ కింద చెప్పుకుంటూ వచ్చానని, నువ్వు చేసింది సరైన పనని చెప్పింది. మధ్యలో ఊపిరి అందక మూడుసార్లు ఆగింది. గడియారం తొందరపెట్టలేదు.

అంతా విన్నాక ఆమె తన చెయ్యి చాపి అక్క ఒడిలో పెట్టింది.

"లెక్కపెట్టు."

అక్క ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత మూడు వేళ్ళు మణికట్టు మీద ఆనించింది. ఆమె చేతికున్న వాచీలోనే సెకన్ల ముల్లు చూస్తోంది.

"అర నిమిషం చూసి రెట్టింపు చెయ్యకు. పూర్తి నిమిషం."

"తెలుసులేవే."

బావ నడుస్తున్నవాడు ఆగిపోయాడు. మా ఆవిడ గిన్నె తోముతున్న చెయ్యి ఆపింది. నిమిషం అంత పొడవుంటుందని నాకు తెలియదు.

డెబ్బై ఆరు అంది అక్క.

గడియారం తల ఊపి, రాయి మరి అంది. అక్క కాగితం కోసం అటూ ఇటూ చూస్తే, నా చేతిలో ఉన్నది ఈ పుస్తకమే. ఇచ్చాను. నా కళ్ళకు ఆ అక్షరాలు సరిగా కనబడటం లేదు గానీ, రాస్తున్నప్పుడు ఆమె పైకి చదివింది కాబట్టి ఏముందో తెలుసు. పేజీ అడుగున ఉన్న ఈ వరస నాది కాదు.

ఏప్రిల్ 14, ఉదయం 10.25. నాడి 76. లెక్కపెట్టి రాసినది.